నిలువుకాళ్ళ రోలర్ కోస్టర్లు

నించుని ప్రయాణం చెయ్యడం గురించి మనవాళ్ళకి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. పండగ ముందురోజు ఆర్టీసీ బస్సులో పైనున్న రాడ్డు పట్టుకుని విజయవాడ నుంచి రాజమండ్రి దాకా ఒంటికాలి మీద వెళ్ళినవాళ్ళం. సీటు దొరక్కపోతే నించుంటాం, అంతే. అందులో సరదా ఏమీ లేదు. కానీ సీటు ఇవ్వగలిగి కూడా, కావాలని ఆ సీటు తీసేసి, డబ్బులిచ్చి వచ్చిన మనుషుల్ని వరసగా నిలబెట్టి, గంటకి యాభై అరవై మైళ్ళ వేగంతో తలకిందులుగా తిప్పిన బళ్ళు ఈ లోకంలో ఉన్నాయి. వాటిని స్టాండప్ రోలర్ కోస్టర్లంటారు. 1980ల్లో పుట్టాయి, 1990ల్లో ఓ వెలుగు వెలిగాయి, ఆ తర్వాత ఒక్కొక్కటిగా మూటాముల్లె సర్దుకున్నాయి. ఎందుకు పుట్టాయి, ఎందుకు పోయాయి అన్నదే ఇవాళ్టి కథ.

ముందు కాస్త పాత సంగతులు చెప్పుకోవాలి.

రోలర్ కోస్టర్‌కి తాతలు రష్యాలో చలికాలంలో చెక్క కట్టడాల మీద మంచు గడ్డకట్టించి, జారడానికి చేసుకున్న కొండలు. ఫ్రెంచివాళ్ళు అది చూసి ముచ్చటపడి చక్రాలు తగిలించారు. పారిస్‌లో 1817లో పట్టాల మీద బళ్ళు జారాయి. అందుకే ఫ్రెంచివాళ్ళు ఇప్పటికీ రోలర్ కోస్టర్ని 'రష్యన్ కొండలు' అనే అంటారు. మరి రష్యావాళ్ళేమంటారనుకున్నారు? 'అమెరికన్ కొండలు'! పొరుగింటి పుల్లకూర రుచి అన్నది మనకొక్కళ్ళకే పరిమితం కాదన్నమాట.

అమెరికాలో అసలు వ్యాపారం మొదలైంది 1884లో. న్యూయార్క్ దగ్గర కోనీ ఐలండ్‌లో లామార్కస్ థాంప్సన్ అనే ఆయన 'స్విచ్‌బ్యాక్ రైల్వే' కట్టాడు. టిక్కెట్టు అయిదు సెంట్లు. వేగం గంటకి ఆరు మైళ్ళు. అంటే మన ఊళ్ళో కాస్త హుషారుగా తొక్కిన సైకిలు దాన్ని దాటిపోతుంది. జనం బల్ల మీద పక్కకి తిరిగి కూర్చుని, సముద్రం చూసుకుంటూ దిగేవారు. అయినా లైన్లు కట్టి మరీ ఎక్కారు.

పదకొండేళ్ళు తిరక్కుండా, 1895లో, అదే కోనీ ఐలండ్‌లో మనిషిని తలకిందులుగా తిప్పే 'ఫ్లిప్ ఫ్లాప్' వచ్చింది. దాని చుట్టు అచ్చంగా గుండ్రం, పైగా చిన్నది. గుండ్రటి చుట్టులోకి తిన్నగా దూసుకెళ్ళిన బండి మీద బరువు ఒక్కసారిగా, మెత్తగా కాకుండా, సుత్తితో కొట్టినట్టు పడుతుంది. మెడలు పట్టేశాయి, జనం ఎక్కడం మానేశారు. 1901లో గుండ్రం బదులు కోలగా ఉండే చుట్టు కట్టి చూశారు. అది నయమే కానీ వ్యాపారంగా నిలబడలేదు. తలకిందులు తిప్పాలన్న కోరిక ఆ తర్వాత చాలా దశాబ్దాలు అటకెక్కింది.

ఈలోగా రెండు మార్పులొచ్చాయి. ఒకటి, జాన్ మిల్లర్ అనే ఆయన పట్టా కిందనుంచి కూడా ఒక చక్రం పట్టుకుని ఉండే ఏర్పాటుకి 1919లో పేటెంటు పొందాడు. దాంతో బండి పైకి లేచిపోతుందన్న భయం పోయింది. రెండోది, 1959లో డిస్నీలాండ్ మాటర్‌హార్న్‌లో పట్టాలకి ఉక్కు గొట్టాలు వాడారు. గొట్టాన్ని ఎటు కావాలంటే అటు వంచచ్చు. ఈ రెండూ కలిసి 1975లో కాలిఫోర్నియాలో నాట్స్ బెర్రీ ఫార్మ్‌లో 'కార్క్‌స్క్రూ' వచ్చింది. మరుసటేడు మ్యాజిక్ మౌంటెన్‌లో 'రివల్యూషన్' వచ్చింది. దాని చుట్టు గుండ్రంగా ఉండదు, కన్నీటిచుక్క ఆకారంలో ఉంటుంది. కింద వంపు విశాలంగా, పైన బిగుతుగా ఉంటుంది. వేగం ఎక్కువున్న చోట వంపు నెమ్మది, వేగం తగ్గిన చోట వంపు గట్టి. జర్మన్ ఇంజనీర్ వెర్నర్ ష్టెంగెల్ లెక్కలవి. మెడలు క్షేమం.

అక్కడితో ఒక చిక్కు వచ్చింది. 1980 వచ్చేసరికి తలకిందులవడం మామూలైపోయింది. ప్రతి పార్కుకీ ఒక చుట్టు ఉంది. మరి వచ్చే ఏడాది పోస్టర్ మీద ఏం వేస్తారు? పట్టాని ఇంకా మెలిపెట్టాలంటే ఖర్చు. అప్పుడు జపాన్‌లో ఎవరికో తట్టింది: పట్టా మార్చక్కర్లేదు, మనిషిని మారిస్తే పోలా?

టోగో అనే జపాన్ కంపెనీ 1982లో ఆ పని చేసింది. టోక్యో శివార్లలో యోమియూరిలాండ్‌లో 1979 నుంచీ నడుస్తున్న లూప్ కోస్టర్ మీదకి, నించుని ఎక్కే రైలు తెచ్చింది. దాని పేరు మొమోంగా. అంటే చెట్టు మీంచి చెట్టు మీదకి గాల్లో జారే ఒక రకం ఉడత. పేరు బాగానే కుదిరింది.

అమెరికాకి ఈ గాలి వెంటనే తగిలింది. 1983లో కాన్సాస్ సిటీలో వరల్డ్స్ ఆఫ్ ఫన్ అనే పార్కు తన పాత కోస్టర్‌కి నించునే రైలు తగిలించింది. 1984లో సెయింట్ లూయిస్ దగ్గర సిక్స్ ఫ్లాగ్స్ పార్కు కూడా తమ పాత మైన్ ట్రెయిన్‌కి అలాగే మార్పు చేసి 'రెయిల్ బ్లేజర్' అని పేరు పెట్టింది. ఆ జులైలో ఒకామె అందులోంచి పడి చనిపోయింది. దాని మీద నించోడం అంతటితో ఆగింది. బండి మళ్ళీ కూర్చునే బండి అయింది. సరదాల చరిత్ర రాసేవాళ్ళు ఈ వాక్యాన్ని గబగబా దాటేస్తూ ఉంటారు. నాకలా దాటబుద్ధి కాలేదు. ఆవిడ కూడా ఒక ఎండాకాలం రోజు కులాసాగా గడుపుదామని ఇంట్లోంచి బయల్దేరిన మనిషే.

అదే 1984లో, సిన్సినాటి దగ్గర కింగ్స్ ఐలండ్‌లో టోగోవాళ్ళే 'కింగ్ కోబ్రా' కట్టారు. ఇది పాత పట్టా మీద కొత్త రైలు కాదు. మొదటి గీత గీసినప్పట్నించీ 'ఇందులో మనిషి నించుంటాడు' అనుకుని గీసిన కోస్టర్లలో మొట్టమొదటిది. ఎత్తు 95 అడుగులు, వేగం గంటకి 50 మైళ్ళు. ప్రమాదం సంగతి పక్కనపెట్టి చూసినా, ఈ తేడా మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. నడుస్తున్న సిస్టమ్‌కి ఎప్పుడూ అనుకోని అవసరాన్ని అతికించడం ఒక పని. ఆ అవసరం కోసమే మొదట్నించీ డిజైన్ చెయ్యడం వేరే పని. బయటినుంచి చూసేవాళ్ళకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఆ తర్వాత వరసపెట్టి వచ్చాయి. 1985లో టొరాంటో దగ్గర కెనడాస్ వండర్‌లాండ్‌లో 'స్కైరైడర్', 1986లో వర్జీనియా కింగ్స్ డొమినియన్‌లో 'షాక్‌వేవ్', అదే ఏడు కాలిఫోర్నియా మ్యాజిక్ మౌంటెన్‌లో ఇంటమిన్ కంపెనీ వారి ఇంకో 'షాక్‌వేవ్'. 1994లో ఇంగ్లండ్ డ్రేటన్ మేనర్‌లోనూ ఒక 'షాక్‌వేవ్'. పేర్ల దగ్గర మాత్రం వీళ్ళకి పెద్దగా ఊహలు లేవు :)

ఈ కథలో అసలు మనుషులు ఇద్దరు స్విస్ ఇంజనీర్లు. వాల్టర్ బోలిగర్, క్లాడ్ మబియార్. జొవనోలా అనే కంపెనీలో పనిచేస్తూ మ్యాజిక్ మౌంటెన్ షాక్‌వేవ్ డిజైన్లో చెయ్యి కలిపారు. 1988లో బయటికొచ్చి, ఇద్దరి పేర్లతో బి అండ్ ఎం అని సొంత కంపెనీ పెట్టుకున్నారు. ఇవాళ రోలర్ కోస్టర్ల లోకంలో ఆ పేరుకి తిరుగులేదు. వాళ్ళు కట్టిన మొట్టమొదటి కోస్టర్ ఏమిటంటే, 1990లో షికాగో పక్కన గర్నీలో వచ్చిన 'ఐరన్ వుల్ఫ్'. నించునేదే! అంటే అంత పెద్ద కంపెనీకి అక్షరాభ్యాసం ఈ నిలువుకాళ్ళ బండి మీదే జరిగింది. 1991లో శాంటా క్లారాలో 'వోర్టెక్స్', 1992లో కారోవిండ్స్‌లో ఇంకో 'వోర్టెక్స్', 1996లో ఒహాయో సీడర్ పాయింట్‌లో 'మాంటిస్', 1997లో కెంటకీలో 'చాంగ్', 1998లో మ్యాజిక్ మౌంటెన్‌లో 'రిడ్లర్స్ రివెంజ్', 1999లో అట్లాంటాలో 'జార్జియా స్కార్చర్'. మొత్తం ఏడు. వీటన్నిట్లోకీ రిడ్లర్స్ రివెంజ్ పెద్దన్న. 156 అడుగుల ఎత్తు, 65 మైళ్ళ వేగం, ఆరుసార్లు తలకిందులు.

సరే, మనిషిని నిలబెట్టి తలకిందులుగా తిప్పాలంటే పట్టుకోవడం ఎలా? బండిలో ఒక్కొక్కరికీ ఒక నిలువు కమ్మీ, దానికి సైకిల్ సీటు లాంటి చిన్న పీట, భుజాల మీంచి దిగే బందోబస్తు. అన్నీ కలిసి పైకీ కిందికీ జరుగుతాయి. మనం పీటకి అటో కాలు ఇటో కాలు వేసి నించుని, ఎత్తు సరిచూసుకుంటాం. బయల్దేరే ముందు ఆపరేటర్ అన్నిటినీ ఒకేసారి బిగిస్తాడు. ఇక ఆ ఎత్తే ఖాయం. సాధారణంగా 54 అంగుళాల కన్నా పొట్టివాళ్ళని రానివ్వరు. అందరూ సరిగ్గా నించున్నారా లేదా అని చూసి పంపడానికి టైము పడుతుంది, లైను పెరుగుతుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కొన్నేళ్ళ క్రితం మా బాబాయి అమెరికా చూడ్డానికొచ్చాడు. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మా పిల్లల పోరు పడలేక అందరం ఒక పార్కుకి వెళ్ళాం. అక్కడో స్టాండప్ కోస్టర్ ఉంది. బాబాయికి బీపీ, పైగా మోకాళ్ళ నొప్పులు. అన్నేళ్ళు నించుని నించుని పిక్కల్లో నరాలు తాళ్ళలా ఉబ్బి ఉంటాయి. ఎక్కే ప్రశ్నే లేదు. కంచె దగ్గర నించుని, పైనుంచి జనం అరుచుకుంటూ దిగడం చాలాసేపు చూశాడు.

"ఒరే, వాళ్ళకి సీట్లు లేవా?"

"లేవు బాబాయ్. నించునే వెళ్ళాలి. అదే దాని గొప్ప."

"ముప్ఫై రెండేళ్ళు నించునే టిక్కెట్లు కొట్టాన్రా. నించున్నందుకు నాకు జీతమిచ్చారు. వీళ్ళేంటి, నించోడానికి ఎదురు డబ్బులిస్తున్నారు?"

పిన్ని నవ్వింది. ఆయన నవ్వలేదు. నేను లైన్లోకి వెళ్ళబోతుంటే పిలిచి, పాఠం చెప్పినట్టు చెప్పాడు. "మోకాళ్ళు బిగించి నించోకు. కొంచెం వంచి ఉంచు. కుదుపు కాళ్ళలోనే ఆగిపోవాలి, నడుం దాకా రాకూడదు. కొత్త కండక్టర్లకి మొదటి వారం చెప్పేది అదే."

ఎక్కాను. పైకి లాగుతున్నంతసేపూ లిఫ్టులో ఉన్నట్టే ఉంది. దిగడం మొదలవగానే తేడా తెలిసింది. కూర్చుని దిగినప్పుడు కడుపులో ఏదో తేలుతుంది. నించుని దిగినప్పుడు ముందు అరికాళ్ళు ఖాళీ అవుతాయి, నేల ఉందా లేదా అని వేళ్ళు వెతుక్కుంటాయి. చుట్టు అడుక్కొచ్చేసరికి ఉల్టా. ఎవరో నా ఎత్తు మనిషిని నా భుజాల మీద ఎక్కించి, ఆ మీద ఇంకొకణ్ణి ఎక్కించినట్టు బరువు. మోకాళ్ళు వంచాను కాబట్టి, వంచినచోటే కాసేపు వణికాయి. తలకిందులైన క్షణంలో భయం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ. నేను నించునే ఉన్నాను, ఆకాశం నా కాళ్ళ కింద ఉంది. పడుకునో కూర్చునో తలకిందులైతే ఎవరో మనల్ని తిప్పినట్టుంటుంది. నించుని తలకిందులైతే లోకమే తిరగబడినట్టుంటుంది.

దిగి వచ్చాక "ఎలా ఉంది?" అన్నాడు బాబాయి. "మోకాళ్ళ సలహా పనిచేసింది" అన్నాను. అప్పుడు నవ్వాడు.

ఆ బరువు వెనక లెక్క సులువే. చుట్టు అడుగున నాలుగు జీల బలం పడిందనుకోండి, 70 కిలోల మనిషి ఆ క్షణానికి 280 కిలోలు. కుర్చీలో ఉంటే ఆ బరువు తొడలకీ, వీపుకీ, కూర్చునే భాగానికీ పంచుకుపోతుంది. నించుంటే అంతా రెండు పాదాల మీదే. పీట కాస్త పైకి బిగిసిందా, మగవాళ్ళకి ఆ బరువు ఎక్కడ పడుతుందో మర్యాదగా రాయడం కష్టం.

రక్తం సంగతి ఇంకా ఆసక్తికరం. గుండె నుంచి మెదడు సుమారు 30 సెంటీమీటర్లు పైన ఉంటుంది. మామూలుగా అంత ఎత్తుకి రక్తం ఎక్కాలంటే సుమారు 22 మిల్లీమీటర్ల పాదరసమంత ఒత్తిడి ఖర్చవుతుంది. నాలుగు జీల దగ్గర ఆ ఖర్చు నాలుగింతలవుతుంది, అంటే దాదాపు 90. గుండె సగటున ఇచ్చే ఒత్తిడే ఇంచుమించు అంత. అందుకే ఒక్కోసారి కళ్ళ ముందు రంగులు వెలిసిపోతాయి. రెండు మూడు సెకన్లే కాబట్టి సరిపోతుంది. ఈ లెక్క కూర్చున్నవాడికీ నించున్నవాడికీ ఒక్కటే. తేడా గుండెకి కిందనుంది. నించున్నవాడికి గుండె నుంచి పాదం దాకా నిలువు దూరం ఎక్కువ, కాళ్ళల్లోకి దిగిన రక్తం తిరిగి రావడం కష్టం. పిక్కలు బిగిస్తేనే అది పైకి నడుస్తుంది. ఇంకోటి, నించున్నవాడి తల పట్టాకి దూరంగా ఉంటుంది. పట్టా చటుక్కున పక్కకి మెలి తిరిగితే, దూరంగా ఉన్న తల ఎక్కువ ఊగి భుజాల కమ్మీకి తగులుతుంది. అందుకని ఇంజనీర్లు మెలికలు నెమ్మదిగా, విశాలంగా గీయాల్సొచ్చింది. అంటే మనిషిని నిలబెట్టాక పట్టాకి ఉన్న స్వేచ్ఛ తగ్గిందన్నమాట.

మరి ఎందుకు పోయాయి? వీటిని ఓడించింది పరాయివాళ్ళు కాదు, కన్నవాళ్ళే. 1992లో అదే గర్నీ పార్కులో బి అండ్ ఎం 'బ్యాట్‌మన్ ద రైడ్' కట్టింది. అందులో పట్టా తల పైన ఉంటుంది, జనం కాళ్ళు వేళ్ళాడేసుకుని కూర్చుంటారు. 1999లో న్యూజెర్సీలో 'మెడుసా' వచ్చింది, కింద నేల లేని బండి. రెండిట్లోనూ కాళ్ళకి గాలి తగులుతుంది, కాళ్ళ మీద బరువు పడదు. నిలబెట్టడం వల్ల వచ్చే వింత అంతా వచ్చింది, నొప్పి రాలేదు. లైనూ తొందరగా కదిలింది. జార్జియా స్కార్చర్ తర్వాత ఇరవై నాలుగేళ్ళ పాటు బి అండ్ ఎం ఇంకో స్టాండప్ కట్టలేదు.

ఇక మిగిలినవాటి బతుకు చూస్తే నాకు మా కన్సల్టెంట్లే గుర్తొస్తారు. మ్యాజిక్ మౌంటెన్ షాక్‌వేవ్‌నే తీసుకోండి. కాలిఫోర్నియాలో మొదలై, 1990లో న్యూజెర్సీకి వెళ్ళింది. 1993లో హ్యూస్టన్ ఆస్ట్రోవరల్డ్‌కి మారి 'బ్యాట్‌మన్ ది ఎస్కేప్' అయింది. 2005లో ఆ పార్కే మూతపడ్డాక మళ్ళీ ఎక్కడా లేవలేదు. ఐరన్ వుల్ఫ్ 2012లో మేరీలాండ్ చేరి 'అపోకలిప్స్' అయింది. కెంటకీ చాంగ్ 2011లో న్యూజెర్సీలో 'గ్రీన్ లాంటర్న్' అయింది, 2024తో దాని కథ ముగిసింది. కెనడా స్కైరైడర్ 2014లో ఆగి, ఇటలీకి ఓడెక్కింది. ప్రాజెక్టు అయిపోగానే పెట్టె సర్దడం, కొత్త ఊరు, కొత్త రంగు, రెజ్యుమేలో కొత్త పేరు. లోపల ఇనుము అదే. పాపం కింగ్ కోబ్రాకి మాత్రం 2001లో ఆగాక కొత్త క్లయింటు దొరకలేదు.

2023లో ఈ కథకి ఒక కొత్త పేజీ వచ్చింది. ఓర్లాండో సీవరల్డ్‌లో బి అండ్ ఎం వాళ్ళు 'పైప్‌లైన్' అనే సర్ఫ్ కోస్టర్ పెట్టారు. 110 అడుగుల ఎత్తు, 60 మైళ్ళ వేగం. జనం నించునే ఎక్కుతారు. కానీ ఈసారి ఎత్తు బిగించెయ్యరు. పరుగులో ఉండగా కూడా పీట మనిషితో పాటు కాస్త పైకీ కిందికీ కదులుతుంది. మోకాళ్ళు వంగచ్చు, లేవచ్చు, కుదుపు కాళ్ళలోనే ఆగుతుంది. ఆర్టీసీ కొత్త కండక్టర్లకి మొదటి వారంలో చెప్పే పాఠం ఇనుములోకి ఎక్కడానికి, 1982 నుంచి లెక్కేస్తే, నలభై ఒక్క ఏళ్ళు పట్టింది.

పాతవాటిలో కొన్నిటికి ఇంకో రకం పునర్జన్మ దొరికింది. రైలు మార్చి, పట్టా ఉంచేశారు. మాంటిస్ 2015లో 'రూగరూ' అయింది. శాంటా క్లారా వోర్టెక్స్ 2017లో 'పేట్రియట్' అయింది. ఐరన్ వుల్ఫ్ 2019లో మూడో పేరుతో 'ఫైర్‌బర్డ్' అయి, ఆ మేరీలాండ్ పార్కు 2025 నవంబరులో మూతపడేదాకా నడిచింది. మూడిటికీ నేల లేని, కూర్చునే రైళ్ళు తగిలించారు. బే ఏరియాలో ఉన్న మన తెలుగువాళ్ళు చాలామంది ఆ పేట్రియట్ ఎక్కే ఉంటారు. ఈసారి ఎవరైనా ఎక్కితే ఒక్క సంగతి గమనించండి. మెలికలు తిరిగే చోట తొందర ఉండదు, వంపులు తీరిగ్గా ఉంటాయి. అది ఇంజనీరు బద్ధకం కాదు. నించున్న మనిషి మెడకీ, మోకాళ్ళకీ ఏమవుతుందో అని ఒకరు 1991కి ముందు కాయితం మీద ఆలోచించి గీసిన గీత అది. ఆ నించున్న మనిషి బండి దిగిపోయాడు. ఆయన కోసం తీసుకున్న జాగ్రత్త మాత్రం పట్టాలోనే ఉండిపోయింది.